చిన్నపిల్లల పాదాలు పొడిబారి పగిలినప్పుడు ఇంట్లో చేయవలసిన సంరక్షణ

కార్తీకం దాటి చలి ముదిరే కొద్దీ, రెండేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లల పాదాలు గరుకెక్కడం, మడమల అంచున తెల్లని పొలుసులు లేవడం, కొందరికి సన్నని పగుళ్ళు పడి నడిచేటప్పుడు చురుక్కుమనడం తెలుగు ఇళ్ళలో ఏటా చూసేదే. ఆదిలాబాద్, మెదక్ వంటి చలి ప్రాంతాలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. గాలిలో తేమ ఉండే కోస్తా ఊళ్ళలో కొంత తక్కువ. శీతాకాలమంతా ఇంటిని వెచ్చబెట్టే యంత్రాలు నడిచే విదేశాలలో ఉన్న మన కుటుంబాల పిల్లలకు కూడా ఇదే ఇబ్బంది వస్తుంది, ఎందుకంటే ఆ యంత్రాలు గదిలోని గాలిని పొడిగా మారుస్తాయి.

చాలామంది పిల్లలకు ఇది ఇంట్లోనే, ఒకటి రెండు వారాల క్రమమైన శ్రద్ధతో తగ్గిపోతుంది. అందుకు ఖరీదైన వస్తువులేవీ అక్కరలేదు. చిక్కల్లా పెద్దల మడమలకు చేసే వైద్యాన్నే పిల్లలకూ చేయడం దగ్గర వస్తున్నది. పెద్దవారి మడమ ఏళ్ళ తరబడి శరీర బరువు మోసి కాయకట్టి ఉంటుంది, ఆ మొద్దుబారిన పొర మీద పగులు పడుతుంది. పిల్లల పాదానికి అటువంటి కాయ ఉండదు. ఉన్న పలుచని పొరే తడి కోల్పోయి బిరుసెక్కి చిట్లుతుంది. కాబట్టి పిల్లల పాదంలో గీకి తీయవలసినది ఏమీ లేదు. పోయిన తడిని తిరిగి ఇచ్చి, అది మళ్ళీ ఆరిపోకుండా కాపాడడమే వైద్యం.

పాదమే ఎందుకు ముందుగా పగులుతుంది

శరీరంలో మిగతా చోట్ల చర్మం కింద నూనె గ్రంథులు ఉండి, పైపొరకు కొంత జిడ్డును అందిస్తూ ఉంటాయి. అరచేతిలోను, అరికాలిలోను ఆ గ్రంథులు లేవు. అక్కడ ఉన్నవి చెమట గ్రంథులు మాత్రమే. కనుక అరికాలు చెమటతో తడుస్తుంది, గాలికి వెంటనే ఆరుతుంది, ఆ తడిని నిలిపి ఉంచే జిడ్డు మాత్రం దానికి సొంతంగా ఉండదు. తడి ఉన్నంత సేపు మెత్తగా సాగే పైపొర, అది పోయాక సాగే గుణం కోల్పోతుంది. ఆ స్థితిలో పిల్లలు పరుగెత్తినప్పుడు, గెంతినప్పుడు పొర సాగలేక చిట్లుతుంది.

దీనికి మన అలవాట్లు కొన్ని తోడవుతాయి. చలికాలమని పొగలు కక్కే నీళ్ళతో స్నానం చేయించడం, కాళ్ళకు మురికి పట్టిందని సబ్బు ఎక్కువగా పెట్టి రుద్దడం, ఆదివారం నాడు సున్నిపిండితో నలుగు పెట్టడం, ఇవన్నీ ఉన్న కాస్త జిడ్డును కూడా కడిగివేస్తాయి. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో సమస్య మరికొంత పెరుగుతుంది. ఆ నీటిలో ఉండే లవణాల వలన సబ్బు సరిగా నురగ రాదు, రాలేదని మరింత పెడతాము, కడిగిన తరువాత కూడా సబ్బు పొర చర్మం మీద మిగిలిపోయి మంట, దురద కలిగిస్తుంది. ఇంట్లో ఫినాయిల్ వేసి తుడిచిన షాబాదు బండల మీద, అవి ఆరకముందే పిల్లలు చెప్పులు లేకుండా తిరగడం కూడా ఒక కారణమే. పాదం ఎందుకు పగిలిందో తల్లిదండ్రులు వెతికేటప్పుడు నేల తుడిచే ద్రావకం గురించి సాధారణంగా ఆలోచించరు, ఆలోచించి చూడాలి.

ముందుగా పాదాన్ని వెలుతురులో పరిశీలించండి

ఏ మందూ రాయకముందు పగటి వెలుతురులో బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని రెండు పాదాలనూ, వేళ్ళ సందులనూ, మోకాళ్ళ వెనుక భాగాన్నీ, మోచేతి మడతలనూ నిదానంగా చూడాలి. పగులు ఎక్కడ ఉన్నదన్నదే దాని కారణాన్ని చాలా వరకు చెబుతుంది.

మడమల అంచున, పాదం పక్కల పొడిగా, తెల్లగా, దురద లేకుండా ఉన్నట్లయితే అది సాధారణమైన చలికాలపు పొడితనం. ఈ వ్యాసంలో చెప్పిన పద్ధతి ముఖ్యంగా దానికే.

పాదం ముందు భాగాన, నేలకు ఆనే చోట, బొటనవేలి అడుగున చర్మం ఎర్రగా నిగనిగలాడుతూ, బిగుసుకొని, సన్నగా పగిలి ఉండి, వేళ్ళ సందులు మాత్రం శుభ్రంగా ఉన్నాయంటే అది బూట్ల వలన వచ్చిన పగులు అయ్యే అవకాశం ఎక్కువ. మూడేళ్ళ వయసు నుంచి యౌవనారంభం వరకు, ముఖ్యంగా కాళ్ళకు చెమట ఎక్కువగా పట్టే పిల్లలలో ఇది కనిపిస్తుంది. బడి బూట్లలో, నైలాన్ మేజోళ్ళలో పాదం గంటల తరబడి చెమటతో నానడం, ఇంటికి రాగానే బూట్లు విప్పేసరికి ఒక్కసారిగా ఆరిపోవడం, ఇలా నానడం, ఆరడం రోజూ జరగడం వలన ఆ చర్మం దెబ్బతింటుంది. చలికాలమే కాక వేసవిలో, వానల్లో కూడా ఇది ఉండవచ్చు. దీనిని చాలామంది శిలీంధ్రం (ఫంగస్) వలన వచ్చే తామర అనుకొని తామర మందు రాస్తారు. అది శిలీంధ్రం కాదు కనుక ఆ మందుతో తగ్గదు.

వేళ్ళ సందులలో, ముఖ్యంగా చిటికెన వేలి పక్కన, చర్మం తెల్లగా నాని, ఒలిచినట్లుగా ఉండి, దురద, వాసన ఉంటే అప్పుడు తామరను అనుమానించాలి. చిన్నపిల్లలలో అది పెద్దలలో కంటే అరుదు. ఇంట్లో పెద్దవారికి ఉంటే వారి నుంచి రావచ్చు. ఇటువంటి చోట జిడ్డు పదార్థాలు రాయకూడదు. ఆరబెట్టి, వైద్యునికి చూపించాలి.

మోకాళ్ళ వెనుక, మోచేతి మడతలలో కూడా ఎర్రని, దురదపెట్టే మచ్చలు ఉంటే, లేదా ఇంట్లో ఉబ్బసం, తరచుగా తుమ్ములు, అలర్జీలు ఉన్నవారు ఉంటే, అది పుట్టుకతో వచ్చే చర్మపు సున్నితత్వానికి సంబంధించిన ఎగ్జిమా కావచ్చు. రాత్రిపూట దురద పెరిగి, ఇంట్లో ఒకరికి మించి గోక్కుంటూ ఉన్నట్లయితే గజ్జి అని అనుమానించాలి. పసిబిడ్డలలో గజ్జి పొక్కులు అరికాళ్ళ మీద కూడా వస్తాయి. ఈ రెండింటికీ వైద్యుని సలహా అవసరం, అయితే ఎగ్జిమా ఉన్న బిడ్డకు కింద చెప్పిన జిడ్డు పద్ధతి కూడా మేలే చేస్తుంది.

పుట్టిన మొదటి రెండు మూడు వారాలలో శిశువు పాదాల మీద, మణికట్టు మీద చర్మం పొలుసులుగా ఊడడం సహజం. దానికి ఏమీ చేయనక్కరలేదు, లాగి తీయకూడదు.

రాత్రిపూట చేయవలసిన పద్ధతి

ఈ పనికి రాత్రి నిద్రకు ముందు సమయమే సరైనది, ఎందుకంటే జిడ్డు రాసిన పాదాలతో బిడ్డ నడిస్తే నున్నని బండల మీద జారిపడుతుంది. భోజనం అయ్యాక, బిడ్డ పడుకోవడానికి సిద్ధంగా ఉన్నప్పుడు మంచం పక్కనే మొదలుపెట్టాలి.

ఒక వెడల్పాటి గిన్నెలోనో చిన్న టబ్బులోనో గోరువెచ్చని నీళ్ళు పోసుకోవాలి. మోచేతిని ముంచి చూస్తే వేడీ చల్లదనమూ రెండూ అంతగా తెలియకూడదు. ఆ మాత్రం వెచ్చదనం చాలు. వేడి నీళ్ళను ముందుగా పోసి తరువాత చన్నీళ్ళు కలపడం కాక, చన్నీళ్ళు పోసిన తరువాతనే వేడి నీళ్ళు కలపాలి. చంటిపిల్లలు ఉన్న ఇంట్లో ఈ వరుస ఎప్పుడూ తప్పకూడదు. ఆ నీటిలో ఉప్పు, షాంపూ, డెట్టాల్, నిమ్మరసం ఏదీ కలపకూడదు. పాదాలను అయిదు నుంచి పది నిమిషాల పాటు ఉంచితే చాలును. అంతకంటే ఎక్కువ నానితే చర్మం ముడతలు పడి మరింత బలహీనమవుతుంది. ఆ కాసేపు బిడ్డను కదలకుండా కూర్చోబెట్టడానికి ఒక కథ చెప్పడం ఉత్తమం. నీళ్ళ గిన్నె ముందు చిన్నపిల్లలను ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు.

మట్టి బాగా పట్టి ఉంటే ఆ రోజుకు మాత్రం సువాసన లేని, తేలికపాటి పిల్లల సబ్బును కొద్దిగా అరచేతితో రాసి కడగాలి. పీచు, బ్రష్షు వాడకూడదు. మామూలు ఒంటి సబ్బు క్షారగుణం కలిగినది, చర్మం సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం కలిగినది. రోజూ సబ్బు తగిలితే చర్మం తన సహజ స్థితికి తిరిగి రాలేకపోతుంది.

తరువాత మెత్తని నూలు తువాలుతో అద్దాలి, రుద్దకూడదు. వేళ్ళ సందులను ఒక్కొక్కటిగా విడదీసి పూర్తిగా తడి లేకుండా చేయాలి. అరికాలు, మడమ మాత్రం కాస్త తేమగా ఉండగానే వదిలివేయాలి. ఈ తేడాను గుర్తుంచుకోవడం ముఖ్యం. సందులలో తడి మిగిలితే అక్కడ చర్మం ఒరిసిపోతుంది, మడమ పూర్తిగా ఆరిపోతే రాసిన జిడ్డుకు నిలిపి ఉంచవలసిన తడే ఉండదు.

నీటి నుంచి తీసిన మూడు నిమిషాల లోపు పెట్రోలియం జెల్లీ రాయాలి. పెద్దవారి చూపుడు వేలి చివరి కణుపు పొడవునా ఒక గీతగా తీసుకుంటే, అది చిన్నబిడ్డ రెండు పాదాలకూ సరిపోతుంది. డబ్బాలోకి నేరుగా వేళ్ళు పెట్టకుండా శుభ్రమైన చెంచా వెనుక భాగంతో తీయడం మేలు, ఎందుకంటే ఒకసారి వేళ్ళ నుంచి చేరిన మురికి ప్రతి రాత్రీ పగుళ్ళలోకి చేరుతూ ఉంటుంది. అరచేతులలో కాస్త వెచ్చబరచి, మడమ నుంచి వేళ్ళ వైపు మెల్లగా పూయాలి. మర్దన చేయవలసిన పని లేదు. వేళ్ళ సందులలో రాయకూడదు.

ఆపైన వదులుగా ఉండే నూలు మేజోళ్ళు తొడగాలి. తొడిగే ముందు వాటిని తిరగవేసి లోపల వేలాడే దారాలు ఏమైనా ఉంటే కత్తిరించాలి. పసిపిల్లల కాలి వేలికి దారమో వెంట్రుకో చుట్టుకొని రక్తం ఆగిపోవడం అరుదైనా జరిగే ప్రమాదమే, రాత్రంతా బిడ్డ ఎందుకు ఏడుస్తున్నదో తెలియక తల్లిదండ్రులు కంగారు పడతారు. చీలమండ దగ్గర రబ్బరు అచ్చు పడేంత బిగుతుగా ఉండకూడదు. ఏడాది లోపు శిశువులకు, చలి లేని ఊళ్ళలో చెమట పట్టే పిల్లలకు మేజోళ్ళు అక్కరలేదు, జెల్లీ పలుచగా రాసి పాత నూలు దుప్పటి మీద పడుకోబెడితే చాలు.

ఉదయం మేజోళ్ళు విప్పి, మిగిలిన జిడ్డును మెత్తని గుడ్డతో తుడిచిన తరువాతనే బిడ్డను నేల మీదకు దింపాలి. స్నానం అయిన వెంటనే మరొకసారి పలుచగా రాయాలి. నానబెట్టడం రోజుకు ఒకసారే, రాయడం మాత్రం రెండు మూడు సార్లు చేయవచ్చు. గరుకుదనం మూడు నాలుగు రోజులలోనే తగ్గడం మొదలవుతుంది. పగుళ్ళు పూడడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. గరుకు తగ్గింది కదా అని మధ్యలో మానివేయడం వలననే చాలా ఇళ్ళలో ఈ సమస్య సంక్రాంతి వరకు సాగుతూ ఉంటుంది.

నిప్పు విషయంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. పెట్రోలియం జెల్లీ గాని, నూనె గాని పదే పదే పట్టిన గుడ్డ నిప్పు తగిలితే దీపపు వత్తి వలె చప్పున అంటుకుంటుంది, ఒకసారి ఉతికినంత మాత్రాన ఆ గుణం పూర్తిగా పోదు. పాదాలు పగిలే కాలమే భోగి మంటల కాలం కూడా. రాత్రి తొడిగిన మేజోళ్ళతోనే బిడ్డను తెల్లవారుజామున మంట దగ్గరకు తీసుకువెళ్ళకూడదు. కట్టెల పొయ్యి, కుంపటి, గదిని వేడి చేసే హీటరు దగ్గర కూడా ఇదే జాగ్రత్త. ఆ మేజోళ్ళను విడిగా ఉంచి, సీజను కాగానే పారవేయడం మంచిది.

ఏ నూనె, ఏ క్రీము?

పెట్రోలియం జెల్లీని మొదట చెప్పడానికి కారణం అది అందరికీ దొరకడం, సువాసన లేనిది ఎంచుకుంటే అలర్జీ రావడం చాలా అరుదు కావడం, నీటిని చర్మం నుంచి బయటకు పోనీయకుండా ఆపడంలో మిగతా వాటికంటే బలమైనది కావడం. లోషన్లలో నీటి పాలు ఎక్కువ, ఆరిపోగానే వాటి పని అయిపోతుంది. పగిలిన పాదానికి అవి చాలవు. క్రీము వాటికంటే మెరుగు. డబ్బా మీద పిల్లల బొమ్మ ఉన్నంత మాత్రాన అది పిల్లల చర్మానికి మంచిదని అనుకోరాదు. పరిమళం, రంగు లేకపోవడమే చూడవలసినది.

కొబ్బరి నూనె మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే, అది నిజంగా పనికివచ్చేదే. ఎగ్జిమా ఉన్న పిల్లలకు కూడా మేలు చేస్తుందని పరిశోధనలలో తేలింది. గానుగలో తీసిన శుద్ధమైన నూనె, సుగంధం కలపనిది తీసుకోవాలి. తలకు రాసే పరిమళపు నూనెలు వద్దు. చలికి పేరుకుంటుంది కనుక అరచేతిలో రుద్దుకొని రాయాలి. నూనె ముందు రాసి దాని మీద జెల్లీ పలుచగా పూస్తే, బాగా గరుకెక్కిన మడమకు రెండూ కలిసి పనిచేస్తాయి. ఆముదం చిక్కనిది, జిడ్డును నిలుపుతుంది, పెద్దలు దానిని నమ్మడంలో తప్పు లేదు. కాని బిడ్డ చేతికి అంటి నోట్లోకి పోకుండా చూసుకోవాలి.

ఆలివ్ నూనె మీద ఈ మధ్య మోజు పెరిగింది. అది చర్మపు రక్షణ పొరను బలహీనపరుస్తుందని పరిశోధనలలో కనిపించింది కాబట్టి పగిలిన పాదాలకు వాడకపోవడమే మంచిది. ఆవనూనె విషయమూ అంతే.

వేరుశనగ నూనె, మీగడ, శనగపిండి వంటి తినే పదార్థాలను పగిలిన చర్మం మీద పట్టించడం మానుకోవాలి. చిట్లిన చర్మం గుండా ఆహారంలోని మాంసకృత్తులు లోపలికి చేరినప్పుడు శరీరం వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకొని, తరువాత ఆ ఆహారం తిన్నప్పుడు అలర్జీ చూపే అవకాశం ఉన్నదని వైద్యులు గుర్తించారు. ఎగ్జిమా ఉన్న పిల్లల విషయంలో ఇది మరింత ముఖ్యం. మీగడ రాయడం ఎంత కాలంగా ఉన్న అలవాటైనా, దానికంటే నిరపాయమైనది చేతికి అందుబాటులో ఉన్నప్పుడు దానినే పట్టుకొని ఉండవలసిన అవసరం లేదు.

చేయకూడనివి

కాళ్ళు రుద్దే రాయి, బ్లేడు, ఇనుప గీకుడు పరికరం పిల్లల పాదాల దరిదాపులకు రాకూడదు. లేచిన పొలుసును చేత్తో లాగకూడదు, బిడ్డను కూడా లాగనీయకూడదు. అంచు పొడుచుకు వచ్చి గుచ్చుకుంటుంటే నానిన తరువాత చిన్న కత్తెరతో అంచు వరకు మాత్రమే కత్తిరించవచ్చు.

కొబ్బరినూనెలో కొవ్వొత్తి మైనం కరిగించి పగుళ్ళలో పోయడం మరొక అలవాటు. మైనం చేసే పని జెల్లీ చేసే పనే, తడిని ఆపడం. కాని కరిగిన మైనం ఎంత వేడిగా ఉన్నదో చూసి చెప్పడం కష్టం, పసిచర్మం కాలుతుంది. సున్నం, నిమ్మచెక్క, వంటసోడా, ఉప్పు పగుళ్ళను మరింత కాలుస్తాయి. పసుపు శుభకార్యాలలో పాదాలకు పూసేదే అయినా, తెరుచుకున్న పగులులో వంట పసుపు కూరకూడదు. అంగడి పొడిలో ఏ రంగు కలిసిందో మనకు తెలియదు. కర్పూరం కలిపిన నూనెలు, బామ్‌లు చిన్నపిల్లలకు ప్రమాదకరం, కర్పూరం నోట్లోకి పోతే మూర్ఛ రావచ్చు. చలువ చేస్తుందని గోరింటాకు మందంగా పెట్టడం కూడా పగుళ్ళు ఉన్నప్పుడు వద్దు. జి-6-పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలలో గోరింటాకు వలన రక్తకణాలు చిట్లిపోయిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. అంగట్లో దొరికే నల్లని కోన్‌లలో కలిపే రసాయనాల సంగతి మరీ చెడ్డది.

పెద్దవారి పగుళ్ళ కోసం అమ్మే క్రీములలో శాలిసిలిక్ ఆమ్లం ఉండవచ్చు. అది పిల్లల పలుచని చర్మం గుండా రక్తంలోకి చేరుతుంది. యూరియా కలిసిన క్రీములు పగిలిన చోట మంట పుట్టిస్తాయి. చిన్నపిల్లలకు ఎంత శాతం, ఏ వయసు నుంచి అన్నది వైద్యుడు చెప్పవలసినదే.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసినది మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టిరాయిడ్ క్రీముల గురించి. స్టిరాయిడ్, తామర మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన గొట్టం ఏ చర్మ సమస్యకైనా చేతికి ఇచ్చేస్తున్నారు. రాసిన రెండు రోజులకు ఎరుపు తగ్గి నయమైనట్లు కనిపిస్తుంది. మానగానే తిరగబెడుతుంది, మళ్ళీ రాస్తారు. ఇలా నెలలు గడిచేసరికి చర్మం పలుచబడి మరింత సులువుగా చిట్లుతుంది, తామర ఉంటే అది రూపం మార్చుకొని పాకిపోతుంది, ఆ తరువాత చూసిన చర్మవైద్యునికి కూడా అసలు వ్యాధిని పోల్చుకోవడం కష్టమవుతుంది. వైద్యుడు రాసిచ్చిన స్టిరాయిడ్, చెప్పినన్ని రోజులు వాడితే భయపడనక్కరలేదు. చీటీ లేకుండా తెచ్చినదానికి మాత్రం బిడ్డ పాదాన్ని అప్పగించకండి.

పగులు లోతుగా ఉండి రక్తం వస్తే

శుభ్రమైన నీటితో కడిగి, గాజుగుడ్డతో అయిదు నిమిషాలు మెల్లగా అదిమి పట్టాలి. రక్తం ఆగాక జెల్లీ రాసి, అంటుకోని మెత్తని డ్రెసింగ్ పెట్టి, బట్ట ప్లాస్టరుతో బిగుతు లేకుండా అతికించి, రోజూ మార్చాలి. చాలామంది పుండును ఆరబెట్టాలనుకొని పొడి మందులు చల్లుతారు. ఈ పగులు పొడితనం వలననే వచ్చింది కనుక అది తేమగా ఉన్నప్పుడే త్వరగా పూడుతుంది. ఆ రెండు మూడు రోజులు బిడ్డకు మెత్తని చెప్పులు తప్పనిసరి.

మట్టిలో చెప్పులు లేకుండా ఆడే బిడ్డకు పగుళ్ళు ఉన్నప్పుడు టీకాల పుస్తకం ఒకసారి తీసి చూడాలి. ధనుర్వాతం నుంచి కాపాడే టీకా శిశువుకు 6, 10, 14 వారాలలో, మళ్ళీ 16 నుంచి 24 నెలల మధ్య, ఆపైన 5 నుంచి 6 ఏళ్ళ మధ్య వేయించవలసి ఉంటుంది. చివరిది మరిచిపోయే కుటుంబాలు ఎక్కువ. మట్టి నుంచి కొంకి పురుగు (హుక్‌వార్మ్) పిల్లలు పాదాల చర్మం గుండానే లోపలికి వెళతాయి కనుక, అంగన్‌వాడీలలోను బడులలోను ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్రను కూడా తప్పనీయకూడదు.

బూట్లు, నేల, స్నానం

బూట్ల వలన వచ్చిన పగుళ్ళకు రాత్రి జెల్లీ ఒక్కటే చాలదు, పగలు పాదం నానకుండా చూడాలి. నూలు మేజోళ్ళు రెండు జతలు బడి సంచిలో పెట్టి, భోజన విరామంలో మార్చుకోమని ఉపాధ్యాయురాలికి ఒక మాట చెప్పవచ్చు. ఒకే జత బూట్లను రోజూ వేయకుండా, వీలైతే రెండు జతలను మార్చి మార్చి వేయాలి, లేదా సాయంత్రం బూటు నాలుకను పైకి లాగి గాలికి ఆరబెట్టాలి. బూట్లు విప్పిన వెంటనే పాదం గాలికి బిగుసుకుపోకముందే కొద్దిగా జెల్లీ రాయడం ఈ పిల్లలకు చాలా మేలు చేస్తుంది. ఎదిగే కాలికని రెండు సైజులు పెద్దవి కొనడం వలన బూటు లోపల పాదం జారి రాపిడి పెరుగుతుంది. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ చాలును. కొన్ని బడులు అనుమతించే తోలు చెప్పులు, గాలి ఆడే శాండల్స్ ఇటువంటి పిల్లలకు బూట్ల కంటే మేలు.

ఇంట్లో చలికాలం పొడవునా మెత్తని అడుగు ఉన్న చెప్పులు వేయించాలి, తుడిచిన నేల ఆరేదాకా పిల్లలను మంచం మీదనే ఉంచాలి. స్నానం గోరువెచ్చని నీటితో, పది నిమిషాలలో ముగించాలి. పొడి చర్మం ఉన్న బిడ్డకు ఈ కాలంలో సున్నిపిండి మానివేయడమే మంచిది.

నీళ్ళు ఎక్కువ తాగిస్తే పాదాలు మెత్తబడతాయని చెబుతారు గాని, ఆ దారిలో అరికాలి పైపొరకు చేరే తడి చాలా స్వల్పం. ఆహారం సంగతి వేరు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద ముళ్ళు ముళ్ళుగా గరుకుగా ఉండి, సందె చీకటిలో బిడ్డ తడబడుతున్నట్లయితే ఎ విటమిన్ లోపం ఉండవచ్చు, వెంటనే చూపించాలి. తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ళ వరకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఎ విటమిన్ ద్రావణాన్ని సమయానికి వేయించడం, ఆకుకూర, గుడ్డు, బొప్పాయి తినిపించడం ఎలాగూ చేయవలసినవే.

వైద్యుని దగ్గరకు ఎప్పుడు

పగులు చుట్టూ ఎర్రగా వేడిగా ఉబ్బడం, చీము పట్టడం, తేనె రంగు పొక్కులు కట్టడం, పాదం నుంచి పైకి ఎర్రని గీత పాకడం, గజ్జలలో బిళ్ళ కట్టడం, జ్వరం రావడం, బిడ్డ కాలు నేలకు ఆనించకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే వెళ్ళాలి. మధుమేహం ఉన్న పిల్లలు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్న పిల్లల విషయంలో చిన్న పగులుకైనా ఆగకూడదు.

అయిదు రోజులు, అంతకు మించి ఎడతెగని జ్వరం, కళ్ళు, పెదవులు ఎర్రబడడం, చేతులు కాళ్ళు ఉబ్బడం వంటివి ఉంటే, లేదా అవి వచ్చి తగ్గిన తరువాత వేళ్ళ కొసల నుంచి చర్మం ఊడుతూ ఉంటే, అది గుండె రక్తనాళాలను దెబ్బతీసే కవాసాకి వ్యాధి కావచ్చు. దానిని పాదాల సమస్యగా భావించి ఇంట్లో ఉంచుకోరాదు. చేతులు, కాళ్ళు, నోటిలో పొక్కులు వచ్చే జ్వరం తరువాత కొన్ని వారాలకు పాదాల చర్మం ఊడడం మాత్రం హాని లేనిది, జెల్లీతో సరిపోతుంది.

పసితనం నుంచే అరచేతులు, అరికాళ్ళు రెండూ పసుపు రంగులో మందంగా ఉన్నా, కాళ్ళ ముందుభాగాన పలకలుగా పొలుసులు ఉన్నా, అవి వంశంలో వచ్చే చర్మ స్థితులు కావచ్చు. ఇంట్లో మరెవరికైనా అలా ఉన్నదేమో కనుక్కొని చర్మవైద్యునికి చెప్పాలి.

రెండు వారాలు క్రమం తప్పకుండా చేసినా మార్పు లేకపోతే కూడా చూపించవలసినదే. వెళ్ళేటప్పుడు అంతవరకు రాసిన క్రీములు, నూనెలు, గొట్టాలు అన్నీ ఒక సంచిలో వేసుకొని తీసుకువెళ్ళండి, బిడ్డ బడి బూట్లను కూడా. ఏమి రాశామో పేరు గుర్తులేక తెల్ల క్రీము అని చెప్పడం కంటే గొట్టం చూపించడం వలన వైద్యునికి సగం పని తగ్గుతుంది.

పగుళ్ళు పూడిన తరువాత నానబెట్టడం ఆపివేయవచ్చు గాని, రాత్రిపూట జెల్లీ పూయడాన్ని, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయేంత వరకు, వారానికి మూడు నాలుగు సార్లయినా కొనసాగించాలి. అయిదారేళ్ళ బిడ్డకు ఈపాటికి పని తెలిసిపోయి ఉంటుంది కనుక, జెల్లీ తీసి ఇచ్చి తన పాదాలకు తననే రాసుకోనిచ్చి, సందులలో పడకుండా మాత్రం మీరు చూసుకుంటే సరిపోతుంది.